కడసీల

పేపర్లో ఎవరో ఒక నాయకుణ్ణి ఇంకొకరి చేతిలో కీలుబొమ్మ అని రాసినప్పుడల్లా నాకు చురుక్కుమంటుంది. మాది గజ్వేల్. ఇక్కడ రాజకీయ వార్తలకు కొదవ లేదు కాబట్టి ఆ చురుకు తరచుగానే తగులుతుంది. బాధ నాయకుడి గురించి కాదు, బొమ్మ గురించి. దారంతో ఆడుతుంది కాబట్టి దారపుబొమ్మ అనొచ్చు, ఒకరు ఆడిస్తారు కాబట్టి ఆటబొమ్మ అనొచ్చు. తెలుగువాడు ఆ రెండూ వదిలేసి కీలుబొమ్మ అన్నాడు. మోచెయ్యి దగ్గర, మోకాలి దగ్గర ఏముందో విప్పి చూసినవాడే ఆ పేరు పెట్టి ఉంటాడు. తిట్టుకు వాడుకునేవాళ్లకు మాత్రం దారమే కనబడుతుంది.

నాది సైన్‌బోర్డుల షాపు. పగలంతా దుకాణాల పేర్లు, పుట్టినరోజు ఫ్లెక్సీలు, ఏసీపీ షీటు మీద యాక్రిలిక్ అక్షరాలు. రాత్రి తొమ్మిది దాటాక షట్టరు సగానికి దించి, కోతలో మిగిలిన సన్‌బోర్డు ముక్కలు, పీవీసీ పైపు తునకలు, కరెంటు వైర్లకు వేసే కేసింగ్ పట్టీలు ముందేసుకుని రోబోలు చేస్తాను. జపాన్ వాళ్లు వీటిని మెకా అంటారు. మనిషి లోపల కూర్చుని నడిపే, రెండు కాళ్ల మీద నిలబడే పెద్ద యంత్రం. నేను చేసేది దాని నమూనా, అడుగు ఎత్తు. కిట్టు కొనను. పాదం నుంచి తల మీది కొమ్ము దాకా అన్నీ కత్తిరించి, అతికి, లప్పం పెట్టి, 400 నంబరు ఎమ్రీ పేపరుతో రుద్ది, కార్లకు కొట్టే ప్రైమర్ కొట్టి చేసినవే. పదేళ్లలో ఏడు పూర్తయ్యాయి. ఎనిమిదోది ఇప్పుడు బల్ల మీద ఉంది, తల లేకుండా.

షాపుకు వచ్చినవాళ్లు మొదట అడిగేది "ఎంతకిస్తవ్?" అని. రెండో ప్రశ్న "ఇది నడుస్తదా?" నడవదు. మోటారు లేదు, బ్యాటరీ లేదు. దాని గొప్పంతా నిలబడడంలో ఉంది. చెయ్యెత్తి పెడితే ఎత్తినట్టే ఉండాలి. మోకాలు వంచి ఒంటికాలి మీద నిలబెడితే, తెల్లారి షట్టరు ఎత్తేదాకా అట్లాగే ఉండాలి. మొదటి మూడు బొమ్మలకూ అది చేతకాలేదు. రాత్రి కత్తి దూసి నిలబడ్డవాడు పొద్దున వచ్చేసరికి తల వేలాడేసి, చేతులు జారేసి, పెళ్లిలో అలిగి కూర్చున్న బావలా ఉండేవాడు. మన దగ్గర ఈ పని ఇంతకుముందు ఎవరో ఒకరు చేసే ఉంటారు కదా, వాళ్ల కీలు ఎట్లా ఉండేదో చూద్దామని అప్పుడు బయల్దేరాను.

మొదట చేర్యాల. మా సిద్దిపేట జిల్లానే, పెద్ద దూరమేం కాదు. అక్కడి నకాషీ చిత్రకారుల పటాలు అందరికీ తెలుసు. నేను పోయింది బొమ్మల కోసం. తేలికైన పొణికి కర్ర, రంపపు పొట్టు, ఉడకబెట్టిన చింతగింజల జిగురు, పైన సుద్దమట్టి పూత, ఆ పైన రంగు. గొల్లలకు కాటమరాజు కథ చెప్పే మందహెచ్చులవాళ్లు ఇట్లాంటి బొమ్మల్నే ఒక్కొక్కటిగా నిలబెడుతూ కథ నడిపిస్తారు. ఆ బొమ్మ చెయ్యి కదలదు. కదలాల్సిన అవసరమూ లేదు. కదిలేది చెప్పేవాడి గొంతు. కొండపల్లి బొమ్మా అంతే. కాకపోతే అక్కడ నాకు పట్టరానంత సంతోషం కలిగించిన సంగతి ఒకటి ఉంది. తెల్లపొణికి కర్రతో మొండెం వేరుగా, చేతులు వేరుగా చెక్కి, రంపపు పొట్టు, చింతగింజల పొడి కలిపిన మక్కుతో అతికి, సందులు పూడ్చి, రుద్ది, అప్పుడు రంగు వేస్తారు. మక్కు తీసేసి ఎం-సీల్ పెట్టండి, నా రాత్రి పని మొత్తం అదే. అయితే మక్కు ఆరిన క్షణాన ఆ భుజం ఇక జన్మలో తిరగదు. అతుకు దొరికింది, కీలు దొరకలేదు.

కదిలే బొమ్మలంటే తోలుబొమ్మలు. పాల్కురికి సోమనాథుడిది మాకు పక్కనున్న జనగామ జిల్లా పాలకుర్తి. ఆయన 13వ శతాబ్దంలోనే పండితారాధ్య చరిత్రలో తెర చాటున బొమ్మలాడించేవాళ్లను ప్రస్తావించాడు. ఆ ఆట ఇప్పటికీ బతికున్న ఊళ్లలో పేరున్నది ధర్మవరం దగ్గరి నిమ్మలకుంట. ఆ ఊరి దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. ఒకసారి హైదరాబాద్ శిల్పారామంలో హస్తకళల మేళాకు పోయినప్పుడు నిలువెత్తు హనుమంతుడు వేలాడుతున్నాడు. అందరూ ముందు నుంచి ఫోటోలు తీసుకుంటుంటే నేను వెనక్కి పోయి చూశాను. భుజం దగ్గర రెండు తోళ్లు ఒకదానిమీదొకటి ఎక్కి ఉన్నాయి. రెండిటికీ కలిపి ఒక బెజ్జం, అందులోంచి దారం, అటొక ముడి, ఇటొక ముడి. మోచెయ్యి దగ్గర అట్లాంటిదే, మోకాలి దగ్గర అట్లాంటిదే. ఇంకేం లేదు. నడుమున నిలువుగా ఒక చీల్చిన వెదురు బద్ద, చేతులకు చెరొక పుల్ల. ఆడించేవాడు ఎత్తి పట్టుకుంటే లంక తగలబెడతాడు. వదిలేస్తే తోలు కుప్ప.

ఆ ముడి కావాలనే వదులుగా వేస్తారని అమ్మే ఆయన చెప్పాడు. బిగిస్తే చెయ్యి ఊగదు, ఊగకపోతే బొమ్మకు నడక రాదు. కొయ్యబొమ్మలాటలోనూ ఇదే లెక్క. జనగామ దిక్కు అమ్మాపురం ఆ ఆటకు పేరున్న ఊరు. పైనుంచి దారాలు లాగితే కొయ్య చేతులు లేస్తాయి, వదిలితే వాటి బరువుకు అవే దిగుతాయి. తల ఊపే తంజావూరు బొమ్మ సంగతి చెప్పనే అక్కర్లేదు, అది ఆగితే కొన్నవాడు చెడిపోయిందనుకుంటాడు. మన బొమ్మల్లో కీలు అంటే వదులు కీలు. సగం పని కీలు చేస్తుంది, మిగతా సగం మనిషి చెయ్యి చేస్తుంది. ఆ చెయ్యి లేకుండా రాత్రంతా నిలబడాల్సిన బొమ్మ ఆ కళాకారులకు ఎదురుపడలేదు. వాళ్లకు దాని అవసరమే లేదు.

పుస్తకాల్లో వెతికితే భోజరాజు దగ్గర ఒకటి తగిలింది. 11వ శతాబ్దంలో మాళవాన్ని ఏలిన భోజుడి పేరు మీదున్న సమరాంగణ సూత్రధారం వాస్తుశాస్త్ర గ్రంథం. అందులో యంత్రాల మీద ఒక అధ్యాయం ఉంది. కొయ్యతో స్త్రీ పురుషుల బొమ్మలు చెయ్యమంటాడు. కళ్లు, మెడ, అరచెయ్యి, ముంజెయ్యి, బాహువు, తొడ, వేళ్లు అన్నీ ముక్కలు ముక్కలుగా చేసి, బెజ్జాలు పెట్టి, సంధుల దగ్గర కీలకాలతో కూర్చి, పైన తోలు కప్పాలట. కీలకం అంటే మేకు. మన కీలు పుట్టిల్లు కూడా ఆ కీలమే. అది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నా బల్ల మీద అప్పుడు సరిగ్గా అదే వరుసలో ముక్కలు పడి ఉన్నాయి, మెడ, ముంజెయ్యి, తొడ. ఆ బొమ్మలు తాంబూలం అందిస్తాయి, నీళ్లు చిలకరిస్తాయి, వీణ వాయిస్తాయి అంటాడు. ఎట్లా అన్నది మాత్రం చెప్పడు. పైగా, తెలియక కాదు, గుట్టు కోసమే వివరం రాయడం లేదని ఒక మాట అనేసి ముందుకు పోతాడు. మా బోర్డుల పనిలో కుంచెతో రాసిన కాలం పెయింటర్లు ఉండేవాళ్లు, బంగారు రంగు ఎట్లా కలిపారో అడిగితే అచ్చం ఇట్లాగే నవ్వేవాళ్లు.

ఆ తర్వాత మనవాళ్లు యంత్రాన్ని కథకు అప్పగించేశారు. 1949లో వచ్చిన కీలుగుర్రం సినిమా ఉంది కదా, అక్కినేని, అంజలీదేవి, మీర్జాపురం రాజా దర్శకత్వం. ఆకాశంలో ఎగిరే కొయ్యగుర్రం, ఎక్కినవాడు చెప్పినట్టు వింటుంది. మనిషి ఎక్కి నడిపే యంత్రమే మెకా అయితే తెలుగు తెరకు అది జపాన్ కంటే ముందే వచ్చింది. దాని కీలు ఎక్కడుందో ఎవరూ చూపించలేదు గానీ. మా అమ్మమ్మ ఆ సినిమా చూసింది. గుర్రం సంగతి అడిగితే అంజలీదేవి సంగతి చెప్పేది.

జపాన్‌లో కథ వేరే దారిన పోయింది. 1979 ఏప్రిల్‌లో గండం అనే టీవీ కార్టూన్ మొదలైంది. 18 మీటర్ల ఎత్తు రోబోలు, వాటి లోపల పడుచువాళ్లు, యుద్ధం. చూసేవాళ్లు చాలక అనుకున్నదానికన్నా ముందే ఆపేశారు. 1980 జులైలో బండాయ్ కంపెనీ దాని ప్లాస్టిక్ కిట్టును 300 యెన్లకు అమ్మకానికి పెట్టింది. 144వ వంతు స్కేలు, అంటే పన్నెండున్నర సెంటీమీటర్లు, అరచేతిలో నిలబడే బొమ్మ. పిల్లలు ఎగబడ్డారు. ఆ మొదటి కిట్టులో కీలంటే గట్టి ప్లాస్టిక్ బెజ్జంలో గట్టి ప్లాస్టిక్ మేకు. నాలుగుసార్లు తిప్పితే అరిగి వదులయ్యేది. తర్వాత కొన్నేళ్లకు బెజ్జంలో మెత్తటి పాలిథీన్ గిన్నె ఒకటి పెట్టడం మొదలుపెట్టారు. పాలీక్యాప్ అంటారు. మేకు గట్టిది, చుట్టూ ఉన్నది మెత్తనిది. మెత్తనిది కొంచెం సాగి, పట్టుకుని, తిరగనిస్తుంది. బొమ్మ తనంత తాను నిలబడింది. ఆడించే చెయ్యిని ఆ గిన్నెలో దాచిపెట్టారని నాకనిపిస్తుంది. కిట్టులు లేకుండా చేసే పిచ్చివాళ్లు అక్కడా ఉన్నారు. యొకోయామా కో అనే కళాకారుడు 1982 నుంచి హాబీ జపాన్ పత్రికలో, ట్యాంకుల, కార్ల కిట్టుల్లో మిగిలిన ముక్కలన్నీ కలిపి తన సొంత యంత్రాలు చేసి చూపించాడు. ఆ ఫోటోలు చూశాకే నా షాపులో చెత్తబుట్టను ఖాళీ చెయ్యడం మానేశాను.

నాకు పాలీక్యాప్ దొరకదు. దొరికింది సైకిల్ వాల్‌ట్యూబ్. పాతకాలం సైకిల్ ట్యూబు వాల్వ్ మీద తొడిగే సన్నని రబ్బరు గొట్టం. రెండు మిల్లీమీటర్ల తీగ మీద దాన్ని తొడిగి పీవీసీ గొట్టంలోకి నెడితే ఎట్లా పట్టుకుంటుందంటే, వేలితో తిప్పితే తిరుగుతుంది, వదిలితే ఆగుతుంది. జానెడు బొమ్మకు అది చాలు. అడుగు ఎత్తుకు పోయేసరికి లెక్క తిరగబడింది. ఎత్తు రెట్టింపు చేస్తే బరువు రెట్టింపు కాదు, ఎనిమిదింతలు. ఆ బరువు ఇంకో రెండింతల దూరంలో వేలాడుతుంది కాబట్టి భుజం మీద పడే లాగుడు పదహారింతలు. రబ్బరు ఆ లెక్కకు సరితూగలేదు. అందుకని స్క్రూ బిగించాను. స్క్రూ ఇంకో తంటా. చెయ్యి ముందుకు తిప్పితే బిగుసుకుంటుంది, వెనక్కి తిప్పితే ఊడుతుంది. గంట సేపు ఆడుకుంటే భుజం కాస్తా చేతిలోకి వచ్చేది.

మెకా చెయ్యి ఎట్లా ఉండాలన్నది మాత్రం నేను జపాన్ నుంచి నేర్చుకోలేదు. 2016 తర్వాత నాలుగైదేళ్లు మా చుట్టుపక్కల కొండపోచమ్మ సాగర్, మల్లన్నసాగర్ కట్టలు లేస్తుంటే ఎక్కడ చూసినా పొక్లెయిన్లే. పొక్లెయిన్ అన్నది ఒక ఫ్రెంచి కంపెనీ పేరని ఇక్కడ ఎవరికీ పట్టదు. మట్టి తవ్వే ప్రతి పొడుగు చెయ్యీ పొక్లెయినే. నేను టిఫిన్ డబ్బా కట్టుకుని పోయి మర్కూక్ దగ్గర కూర్చుని వాటి మోచేతులు గీసుకునేవాణ్ణి. ప్రతి మడత దగ్గరా ఒక లావాటి ఇనుప పిన్ను, దాని చివర అడ్డంగా ఒక చిన్న పిన్ను. ఆ చిన్నదాన్ని అప్పుడు బొమ్మలో గీశాను గానీ దానికేం పని అని ఆలోచించలేదు. మల్లన్నసాగర్ 50 టీఎంసీలు. వేములఘాట్, పల్లెపహాడ్, ఏటిగడ్డ కిష్టాపూర్ లాంటి ఊళ్లు దాని కింద పోయాయి. అక్కడివాళ్లలో చాలామంది ఇప్పుడు మా గజ్వేల్ పక్కన ముట్రాజ్‌పల్లి కాలనీలో ఉన్నారు.

అట్లా వచ్చినవాడే ఒక ముసలాయన. పోయిన ఎండాకాలం మనవడి ధోతి ఫంక్షన్‌కు ఫ్లెక్సీ వేయించుకోవడానికి వచ్చాడు. నాలుగు బై ఆరు. నేను కంప్యూటర్లో పిల్లవాడి ఫోటో సర్దుతుంటే ఆయన బల్ల దగ్గర నిలబడ్డాడు.

"ఏంది బిడ్డా గిది, రావణాసురుడా?"

"కాదు తాతా, మిషిని."

"చెయ్యెందుకు వడ్డది?"

"కీలు వదులైంది."

చేతిలోకి తీసుకున్నాడు. నాకు గుండె గుభేల్మంది, రంగు ఇంకా ఆరలేదు. ఆయన బొమ్మను చెవి దగ్గర పెట్టుకుని భుజం మెల్లగా తిప్పాడు. కంటితో చూడకుండా చెవితో చూసే మనిషిని అంతకుముందు ఒక్కణ్ణే చూశాను, మా తాతను. మా తాతది వడ్ల పని. బండ్లు, నాగళ్లు, గుంటుకలు చేసేవాడు. అడిగాను. అవును, ఆయనా వడ్లాయనే. పల్లెపహాడ్‌లో వడ్ల కొట్టం ఉండేదట. నేను ఎవరి మనవణ్ణో చెప్పాక బొమ్మ కింద పెట్టాడు.

"సీల ఏది?"

స్క్రూ చూపించాను.

"గిదే మోస్తది, గిదే ఆపుతది, గిదే పట్టుకుంటదా? మూడు పనులు ఒక్కనికి చెప్తే ఎట్ల జేస్తడు?"

ఆ మాటకు మా తాత పని గుర్తొచ్చింది. చిన్నప్పుడు మా ఇంటి ముందు బండి చక్రానికి కమ్మి ఎక్కించడం చూశాను. పిడకల మంటలో ఎర్రగా కాలిన ఇనుప చక్రాన్ని నలుగురు పట్టకార్లతో లేపి కొయ్య చక్రం మీద దించితే భగ్గున మంట. వెంటనే బిందెలతో నీళ్లు. ఆవిరి లేస్తుండగా కమ్మి కుంచించుకుపోయి, ఆకులూ పూటీలూ కిర్రుకిర్రుమంటూ ఒకదానిలోకొకటి దూసుకుపోయేవి. పిల్లలం ఆ మంట కోసం చూసేవాళ్లం. తాత చూసేది మాత్రం ఆ చప్పుడు కోసం. అదయ్యాక చక్రాన్ని ఇరుసుకు తొడిగి, కాల్చిన గడ్డి మసి, ఆముదం కలిపిన కందెన పూసి, ఇరుసు కొసన అడ్డంగా ఒక చిన్న మేకు కొట్టేవాడు. కడసీల. కడసీల ఊడితే చక్రం పక్కకు పోతుంది, బండి గుంతలో ఉంటుంది. బండి బరువు రవ్వంత కూడా దాని మీద పడదు. మోసేది ఇరుసు. కడసీల పక్కకు జరగనీయదు, అంతే. పొక్లెయిన్ మోచేతి దగ్గర నేను గీసుకున్న చిన్న పిన్ను అదే. నా నోటు పుస్తకంలో ఆరేళ్లుగా ఉంది.

"మరి పట్టు ఎట్ల తాతా?" అన్నాను.

ఆయన నవ్వాడు. "బండికి పట్టెందుకు? బండి తిరగాలె. పట్టు గావాల్నంటే తలుపు జూడు."

పాత ఇళ్ల తలుపులకు ఇనుప బందులు ఉండేవి కావు. తలుపు చెక్కకే పైనా కిందా కొయ్య ములుకులు. కింది ములుకు గడపలోని గుంటలో, పై ములుకు ద్వారబంధంలోని బెజ్జంలో. తలుపు బరువంతా కింది గుంట మీద కూర్చుంటుంది. అందుకే దాన్ని ఎక్కడ వదిలితే అక్కడ ఆగుతుంది, గాలికి కొట్టుకోదు. పట్టు బిగించడం వల్ల రాలేదు, బరువు వల్లనే వచ్చింది. కొయ్య మీద కొయ్య వెడల్పుగా ఆనడం వల్ల వచ్చింది. పల్లెపహాడ్ ఇల్లు ఖాళీ చేసినప్పుడు ఆయన తలుపు ఊడదీసి ట్రాలీలో వేసుకొచ్చాడట. కాలనీ ఇంటి ద్వారబంధానికి అది పట్టలేదు. మేడ మెట్ల కింద గోడకు ఆనించి పెట్టాడు.

ఆ వారం ఎనిమిదో బొమ్మ భుజాలు రెండూ పగలగొట్టాను. ఈసారి ఇరుసు మూడు మిల్లీమీటర్ల ఇనుప కడ్డీ. దాని మొండెం వైపు కొసను ఆకురాయితో చదరంగా రాకి చదరపు గుంటలో దింపాను, తిరగకుండా. చెయ్యి దాని మీద తిరుగుతుంది. బయటి కొసన సన్నని బెజ్జం, అందులో సైకిల్ పుల్ల ముక్క, అదే కడసీల. పట్టు కోసం మొండేనికీ చేతికీ నడుమ హవాయి చెప్పు రబ్బరు బిళ్లలు రెండు, రూపాయి బిళ్లంత వెడల్పు, కాస్త నొక్కుకుపోయేటట్టు. కడ్డీ మోస్తుంది, పుల్ల ఆపుతుంది, చెప్పు పట్టుకుంటుంది. కడ్డీ బెజ్జం నా చేతి బర్మాతో రెండుసార్లు పక్కకు పోయింది. మూడోసారి కుదిరింది. మోకాళ్లకు మాత్రం వాల్‌ట్యూబే ఉంచాను, అక్కడ బరువు నిలువుగా దిగుతుంది. దానికోసం ఊళ్లో మూడు సైకిల్ షాపులు తిరగాల్సి వచ్చింది. మూడోవాడు పాత డబ్బా అడుగున వెతికి ఒక చుట్ట తీసి, ఇదెవరూ అడగరన్నా, పదిరూపాయలియ్యి అన్నాడు.

ఫ్లెక్సీ తీసుకుపోవడానికి ముసలాయన మళ్లీ వచ్చాడు. మనవడి ఫోటో చుట్టూ నెమళ్లు, పైన తాతల పేర్లు. రెండు పేర్లలో తనది మొదట ఉందో లేదో చూసుకున్నాడు. చుట్టి ఇస్తే చంకలో పెట్టుకుని, ఖాళీగా ఉన్న చేత్తో బొమ్మ కుడి చెయ్యి పైకెత్తి వదిలాడు. వంగి భుజం దగ్గర చెవి పెట్టాడు. తర్వాత ఎడమ చెయ్యి కూడా ఎత్తాడు.

"తలకాయ ఎప్పుడు పెడ్తవ్?" అని అడిగి, నేను చెప్పేలోపే ఆటో వచ్చిందని మెట్లు దిగాడు.